పెరటి మామిడిలో పచ్చజిట్ట

పక్షులను ఆదరించడంలో మన ఉత్తర కోస్తా జిల్లాలకు మంచి పేరున్నది. ఇచ్ఛాపురం సమీపంలోని తేలుకుంచి గ్రామానికి ఏటా తొలకరి వేళకు నత్తగుల్ల కొంగలు వచ్చి, ఊళ్ళోని చెట్ల మీద గూళ్ళు కట్టుకుని, పిల్లలను పెంచుకుని, చలికాలంలో తరలిపోతాయి. టెక్కలి దాపున ఉన్న తేలినీలాపురానికి వర్షాలు వెనుకబట్టే రోజులలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. రెట్టల కంపును, రాత్రింబవళ్ళ గోలను సహించి, గూటినుండి జారిపడిన పిల్లలను చేరదీసే గ్రామస్థులు అక్కడ ఉన్నారు. వాటి రాకను శుభసూచకంగా భావించి, రాక ఆలస్యమైతే ఆకాశం కేసి చూసే పెద్దలున్నారు. ఆ పక్షులు సైబీరియానుండి వస్తాయని వాడుకలో ఒక మాట ఉన్నది. అది పొరపాటు. నత్తగుల్ల కొంగ గాని, గూడబాతు గాని, ఎర్రకాళ్ళ కొంగ గాని దక్షిణాసియాలోను ఆగ్నేయాసియాలోను పుట్టి పెరిగేవే. నీటినిబట్టి, మేతనుబట్టి చోటు మారుతుంటాయి, అంతే. అయినా దూరపు చుట్టమంటే మనకు మర్యాద ఎక్కువ గదా!

ఈనాడు మేము చెప్పదలచినది ఏ దూరమూ వెళ్ళని, ఏ దూరమునుండీ రాని ఒక చిన్న పక్షిని గురించి. అది పన్నెండు మాసాలూ మన పెరళ్ళలోనే ఉంటుంది. చింతలోను, వేపలోను, మామిడిలోను, కంచెమీది తుమ్మలోను తిరుగుతుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో దాని గొంతు వినని ఇల్లు బహుశా ఉండదు. దానిని చూసి పేరు పెట్టి పిలవగలిగినవారు మాత్రం బహు కొద్దిమంది. పక్షిశాస్త్రజ్ఞులు దానిని ఐయోరా అంటారు. పందొమ్మిదవ శతాబ్దపు పక్షిశాస్త్ర గ్రంథాలలో దానికి తెలుగు పేరుగా పచ్చజిట్ట అన్న మాట కనిపిస్తుంది. జిట్ట అంటే చిన్న పిట్ట. ఆ పేరు ఇప్పుడు వాడుకలో దాదాపు వినరాదు గాని, ముచ్చటైన పేరు. మేము దానినే వాడుతాము.

పచ్చజిట్ట ఊరపిచ్చుక అంతటిది, ఇంకా కొంచెం నాజూకు. ఆడపక్షి పైభాగం ఆకుపచ్చ, క్రిందిభాగం పసుపు. రెక్కల మీద రెండు తెల్లని గీతలు అడ్డంగా ఉంటాయి. ఆ గీతలే దాని గుర్తు. మగపక్షికి తోక నల్లన. వానకాలం సమీపించగానే దాని తలమీద, వీపుమీద కూడా నలుపు కమ్ముతుంది; క్రింద పసుపు మరింత తళుకు దేరుతుంది. గూళ్ళ కాలం గడచిన తరువాత ఆ నలుపు పోయి, తోక ఒక్కటి తప్ప మిగిలినదంతా ఆడపక్షిలాగే అవుతుంది. అందుచేత మార్గశిర మాసంలో చూసిన పిట్టను ఆషాఢంలో చూసినవారు రెండూ వేరు వేరు పక్షులనుకోవడంలో వింత లేదు. ఒక ప్రాంతపు పచ్చజిట్టకూ మరొక ప్రాంతపు పచ్చజిట్టకూ నలుపులో హెచ్చుతగ్గులున్నందువల్ల వెనుకటి శాస్త్రజ్ఞులు కూడా కొంత తికమక పడ్డారు.

రంగు చూచి పట్టుకోవడం కష్టం. ఆకుల గుబురులో ఆకుపచ్చని పిట్టను వెదకడమంటే కుప్పలో గింజను వెదకడమే. గొంతు విని పట్టుకోవడం సులువు. సన్నగా, దీర్ఘంగా ఒక ఈల సాగుతుంది. సాగి సాగి చివర టక్కున క్రిందికి దిగుతుంది. పిల్లవాడు గాలిపటం ఎగిరించి, దారం కొసన ఒక్క కుదుపు ఇచ్చినట్లుంటుంది. ఇదిగో ఈ కొమ్మమీద అనుకుంటే అవతలి కొమ్మమీద, అక్కడ అనుకుంటే ఇక్కడ. చాలామంది ఆ ఈలను ఏ పెద్ద పక్షిదో అనుకుంటారు. మేమూ ఎన్నో ఏళ్ళు అలాగే అనుకున్నాము. వంగదేశంలో ఈ పక్షిని ఫటిక్ జల్ అంటారు. స్ఫటికంవంటి నీరు అని అర్థం. దాని కూతలో వారికి ఆ మాటలే వినబడ్డాయి. ఆకాశం కేసి చూస్తూ స్వచ్ఛమైన నీరు అడుగుతున్న పక్షి అని వారి భావన. తమిళులు దానిని మామిడిపండు పిట్ట అన్నారు. పొరుగువారు ఇంత శ్రద్ధగా విని పేరు పెట్టుకున్న గొంతు మన చెవులలో కూడా పడుతూనే ఉన్నది.

ఇక దాని కుటుంబం సంగతి. పక్షి ప్రపంచంలో కొన్ని కుటుంబాలు మన ఉమ్మడి కుటుంబాలను మించినవి, వందలకొలది జాతులతో కిటకిటలాడుతుంటాయి. పచ్చజిట్ట కుటుంబం మాత్రం బహు చిన్నది. ఉన్నవి నాలుగే జాతులు. మన పెరటిలోనిది ఒకటి. ఇది భారతదేశంనుండి బర్మా, మలయా మీదుగా జావా, బోర్నియో ద్వీపాలదాకా విస్తరించి ఉన్నది. రెండవది వాయవ్య భారతంలోని పొడినేలలలోను, దక్షిణాదిన కొన్ని చోట్లను, సింహళంలోను కనిపించే తెల్లతోక జాతి. మూడవది మలయా, సుమత్రా, బోర్నియో అడవులలోని ముదురాకుపచ్చ జాతి. నాలుగవది బర్మానుండి ఇండోచైనా, మలయాల వరకు ఉండే పెద్ద జాతి. భారత ఉపఖండాన్ని, ఆగ్నేయాసియాను దాటి ప్రపంచంలో మరెక్కడా ఈ కుటుంబానికి ఇల్లు లేదు. ఐరోపావారికి గాని, అమెరికావారికి గాని ఎంత ధనం పోసినా తమ పెరటిలో వినరాని ఈల మన పిల్లలు బడికి వెళ్ళే దారిలో వింటున్నారన్నమాట.

ఈ పక్షికి శాస్త్రలోకంలో నామకరణం జరిగి చాలా కాలమైనది. 1758లో స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ పండితుడు దీనిని తోక ఊపే పిట్టలతో కలిపి జాబితాలో చేర్చాడు. ఆయన మన దేశానికి వచ్చినవాడు కాడు. వంగదేశపు పక్షిని గురించి మరొకరు వ్రాసినదానిని ఆధారం చేసుకున్నాడు. 1816లో ఫ్రెంచి పండితుడు వియ్యో దీనికి ఎజిథైనా అని వేరే ప్రజాతి నామం పెట్టాడు. 1821లో జావా ద్వీపంలో పనిచేసిన హార్స్‌ఫీల్డ్ అనే వైద్యుడు, ఆ సంగతి పట్టించుకోకుండా, ఐయోరా అని మరొక పేరు పెట్టాడు. ముందు పెట్టిన పేరుకే చెల్లుబాటు అన్నది శాస్త్రనియమం గనుక గ్రంథాలలో మొదటి పేరు నిలిచినది; నోటికి తేలికగా ఉన్నందున వాడుకలో రెండవ పేరు నిలిచినది.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. 1836లో జెర్డన్ అనే యువ వైద్యుడు మద్రాసులో ఓడ దిగాడు. ఆయన తొలినాళ్ళలో గంజాం ప్రాంతపు సైన్యానికి చికిత్స చేయడానికి వెళ్ళి, తూర్పు కనుమల పక్షులను పరిశీలించే అవకాశం సంపాదించుకున్నాడు. ఆనాటికి శ్రీకాకుళం జిల్లా లేదు. అది ఏర్పడినది 1950లో. విజయనగరం జిల్లా ఏర్పడినది 1979లో. ఈ సీమ అంతా అప్పుడు విశాఖపట్నం, గంజాం జిల్లాలలో కలిసి ఉండేది. జెర్డన్ తరువాత 1862 మొదలు 1864 వరకు భారతదేశపు పక్షులను గురించి పెద్ద గ్రంథం ప్రకటించాడు. దేశభాషలలో పక్షుల పేర్లను కూడా శ్రద్ధగా సేకరించిన పండితుడాయన. ఒక జాతి ఆకుపిట్టకు 1844లో ఆయన పేరే పెట్టారు.

ఆకుపిట్ట అన్నాము గనుక ఆ బంధుత్వం గొడవ కూడా తేల్చవలసి ఉన్నది. చిగురాకుపచ్చని ఒళ్ళు, నల్లని గొంతు గల ఆకుపిట్టలు మన కొండలలో రెండు రకాలున్నాయి. ఒకదానికి నుదుట బంగారు వన్నె ఉంటుంది. రెండవది జెర్డన్ పేరు మోస్తున్నది. పూలలోని తేనె, పండ్లు, పురుగులు వాటి ఆహారం. మోదుగ పూసిన వేళ కొమ్మ కొమ్మకూ వ్రేలాడుతూ కనిపిస్తాయి. ఇతర పక్షుల కూతలను అనుకరించడంలో ఆరితేరినవి. పశ్చిమ కనుమలలోను ఈశాన్య భారతంలోను ఉండే నీలపిట్టనూ, ఈ ఆకుపిట్టలనూ, మన పచ్చజిట్టనూ వెనుకటివారు ఒకే కుటుంబంలో వేశారు. ముగ్గురూ చెట్లమీదనే కాలం గడిపేవారు, ముగ్గురూ ఈ దిక్కువారే గదా అని. ఇరవయ్యవ శతాబ్ది చివరిభాగంలో జన్యుపరీక్షలు వచ్చిన తరువాత ఈ ఉమ్మడి కుటుంబానికి భాగపంపకం జరిగింది. ఆకుపిట్టా నీలపిట్టా ఒకవైపు వెళ్ళాయి. పచ్చజిట్ట వేరుపడి, కాకులు, కసాయిపిట్టలు ఉన్న పెద్ద శాఖలో చేరినది. దాని దగ్గర చుట్టాలు ఆఫ్రికా, ఆస్ట్రేలియా ఖండాలలో ఉన్నారని తేలింది. ఒకే చెట్టుమీద, ఒకే రంగు కట్టుకుని బ్రతుకుతున్నంత మాత్రాన ఒకే వంశమని చెప్పరాదన్నది దీనివల్ల తెలిసిన నీతి.

పచ్చజిట్టకు ముఖ్యాహారం పురుగులు. గొంగళిపురుగులు, చీడపురుగులు, సాలెపురుగులు, వాటి గుడ్లు. ఆకు అడుగున, బెరడు సందున, కొమ్మకు తలక్రిందులుగా వ్రేలాడి కూడా వెదకుతుంది. తరచు జంటగా తిరుగుతుంది. ఇతర చిన్న పిట్టల గుంపులతో కలిసి ఒక చెట్టునుండి ఇంకొక చెట్టుకు సాగిపోతుంది. తోటలో చీడ అంతటినీ ఇదే తుడిచిపెడుతుందని మేము చెప్పము. ఏ ఒక్క పక్షీ అంత పని చేయదు. అయితే పిల్లలను పెంచే రోజులలో ఒక జంట ప్రొద్దుటినుండి సందెదాకా గొంగళిపురుగులు మోస్తూ ఉంటే చూసినవారు, అది జీతం లేని పాలేరు వంటిదని ఒప్పుకోక తప్పదు.

తొలకరి జల్లులు పడేవేళ మగపక్షి చేసే విన్యాసం చూడదగినది. కొమ్మమీదనుండి నిట్టనిలువుగా పైకి లేస్తుంది. అక్కడ ఒళ్ళంతా ఉబ్బించి, నడుముమీది లేత ఆకుపచ్చని ఈకలు విప్పి, దూదిపింజవలె గుండ్రనై, ఈల వేస్తూ సుడి తిరుగుతూ దిగివస్తుంది. వచ్చి కొమ్మమీద వాలి, రెక్కలు దించి, తోక నెమలిపురివలె చిన్నగా విప్పుతుంది. ఆడపక్షి ఒక్కొక్కప్పుడు చూస్తుంది, ఒక్కొక్కప్పుడు పురుగులు ఏరుకుంటూ చూడనట్లే ఉంటుంది.

గూడు మరీ నేర్పుగా కట్టినది. పెద్ద నిమ్మకాయ డిప్ప ఎంత ఉంటుందో అంత. సన్నని గడ్డిపోచలు, నారపోగులు అల్లి, పైన సాలెపట్టు పూసి, కొమ్మకు అతికిస్తాయి. దూరానికి అది కొమ్మమీది బుడిపెలాగే ఉంటుంది. ఎత్తు చాలా సార్లు మనిషి చేయి చాచితే అందేంత, లేదా అంతకు కొంచెం పైన. రెండు మొదలు నాలుగు గుడ్లు పెడుతుంది. గూడు కట్టడంలోను, పొదగడంలోను, మేపడంలోను ఆలుమగలిద్దరికీ సమానమైన పాలు. సుమారు రెండు వారాలకు పిల్లలు వస్తాయి. పాములు, తొండలు, జెముడుకాకులు, పిల్లులు ఆ గూళ్ళకు శత్రువులు. అవి చాలవన్నట్లు ఒంటినిండా చారలున్న ఒక గోధుమరంగు చిన్న కోకిల తన గుడ్డును ఈ గూటిలోనే పెడుతుంది. పెద్ద కోకిల కాకిని మోసగించడం లోకానికంతా తెలుసు. ఈ చిన్న కోకిల ఈ చిన్న పక్షిని మోసగించడం ఎవరికీ పట్టదు.

ఇన్ని శత్రువుల జాబితాలో చేరవలసిన పేరు మరొకటి ఉన్నది. అది మాదే.

గజపతినగరానికి కొద్ది దూరంలో, చంపావతి నది ఒడ్డున, మాకు పెద్దలనాటి చిన్న మామిడితోట ఉన్నది. బంగినపల్లి, సువర్ణరేఖ, కొన్ని నాటుచెట్లు కలిసి ముప్ఫయి చిల్లర చెట్లు. మామిడికాయ కోత అయిపోగానే, చెట్టులోనికి వెలుతురు, గాలి సోకడానికి ఎండుకొమ్మలను, అడ్డకొమ్మలను కత్తిరించడం తోటలవారందరికీ తెలిసిన పని. అది సరిగా ఆషాఢ శ్రావణాలలో పడుతుంది. జీడితోటలలోను అంతే. పచ్చజిట్ట గూడు పెట్టే కాలమూ అదే. ఈ రెండు సంగతులూ మాకు విడివిడిగా తెలుసు. రెంటినీ కలిపి ఆలోచించాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

కొన్నేళ్ళ క్రిందట ఒక ఆషాఢంలో, బావి ప్రక్క చెట్టుకు కొమ్మలు కొట్టిస్తున్నాము. దారికి అడ్డంగా వంగిన ఒక కొమ్మను చూపి, దానినీ తీసివేయమన్నాము. చెట్టెక్కిన ముసలాయన ఆ కొమ్మను నేలకు వదిలి, వెంటనే తానూ దిగివచ్చి, ఆకులు ఒత్తిగించి చూసి, "బాబూ, గూడున్నాది. నాను సూడ్నేదు" అన్నాడు. ఆయన తప్పు ఏమున్నది? కొట్టమన్నది మేము. గూటిలో ఈకలైనా సరిగా రాని రెండు పిల్లలున్నాయి. నోళ్ళు తెరచి ఊగుతున్నాయి.

ఆ గూడున్న రెమ్మను కోసి, అదే చెట్టులో దగ్గరి కొమ్మకు కొబ్బరితాడుతో కట్టించాము. ఎండ తగలకుండా పైన ఆకులు కప్పించాము. పని ఆపించి దూరంగా కూర్చున్నాము. కొంతసేపటికి మగపక్షి నోట పచ్చని పురుగుతో వచ్చినది. మేము గూడు కట్టిన చోటికి అది రాలేదు. కొట్టివేసిన కొమ్మ ఉండిన చోటికి వచ్చినది. అక్కడ గాలిలో ఒక్క క్షణం రెక్కలాడించి, ప్రక్క కొమ్మమీద వాలి, మళ్ళీ అక్కడికే వచ్చినది. పురుగు నోట్లోనే ఉన్నది. ఆడపక్షి వచ్చి అలాగే చేసింది. సాయంత్రం దాకా ఎన్నిసార్లు వచ్చాయో మేము లెక్కపెట్టలేదు. రెండు గజాల దూరంలో పిల్లలు అరుస్తూనే ఉన్నాయి. ఒకటి రెండుసార్లు తల్లి ఆ దిక్కుకు వెళ్ళినట్లే అనిపించింది. మరునాడు తెల్లవారి చూస్తే గూడు ఖాళీ. ఏ కాకి తీసుకుపోయిందో, ఏ పాము మ్రింగిందో తెలియదు. ఈల మాత్రం ఆ తోటలో చాలా రోజులు వినబడలేదు.

ఇది పెద్ద విషాదమని మేము చెప్పబోవడం లేదు. పచ్చజిట్ట అంతరించిపోతున్న పక్షి కూడా కాదు. దాని జాతికి ఇప్పట్లో ముప్పు లేదనే శాస్త్రజ్ఞుల మాట. అయితే జాతి క్షేమం వేరు, మన పెరటిలోని జంట క్షేమం వేరు. జాతికి ముప్పు లేదన్న మాట ఆ సాయంత్రం మాకేమీ ఊరట ఇవ్వలేదు.

మరుసటి సంవత్సరం కోత కాగానే కత్తి చెట్టుకు తగిలించక ముందు, నాలుగు రోజులు ప్రొద్దుటిపూట తోటలో ఊరక కూర్చున్నాము. మొదటి రోజు ఏమీ తెలియలేదు. రెండవ రోజు ఆడపక్షి ఒక సాలెగూటిని ముక్కుతో చుట్టచుట్టుకుపోవడం చూశాము. అది ఎటు పోయిందో చూడడానికి మరొక రోజు పట్టింది. ఒక సువర్ణరేఖ చెట్టు పడమటి వైపు, తలకు రెండు మూరల ఎత్తున, ఈతనార రంగులో చిన్న డిప్ప. ఆ ఒక్క చెట్టును విడిచి మిగిలినవన్నీ కొట్టించాము. గూడు కట్టడం ముగిసిన నాటినుండి పిల్లలు ఎగిరిపోయిన నాటివరకు మా లెక్కలో నెల దాటి నాలుగైదు రోజులు పట్టింది. రెండు పిల్లలు దక్కాయి. ఆ తరువాతనే ఆ చెట్టుకు కత్తి పెట్టాము. ఆలస్యం చేస్తే పూత దెబ్బతింటుందని ముసలాయన ముందే హెచ్చరించాడు. ఆ చెట్టు మరుసటి ఏడు కొంత పలుచగానే పూసినది; ఆలస్యమే కారణమో, మంచు కారణమో చెప్పలేము. ఒక బుట్టెడు కాయలు తగ్గితే తగ్గి ఉండవచ్చును. ఖర్చు దాచిపెట్టి పుణ్యం చెప్పడం మర్యాద కాదు గనుక ఈ మాటకూడా చెబుతున్నాము.

ఇంతకూ ఈ పిట్టకు పెద్ద అడవి అక్కరలేదు. తోట, తోపు, కంచె, ఊరిచివర చింతల గుంపు, బడి ఆవరణలోని వేపచెట్టు, ఇవి చాలును. కాని ఆ చాలునన్నవే నానాటికీ తగ్గుతున్నాయి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటి విజయనగరం వైపు తోటలను కూడా విరుచుకుపోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు, ఉద్యానమన్న మాటనుండి పేరు వచ్చిందని చెప్పే ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు లక్షల సంఖ్యలో కూలిపోయాయి. తరాలుగా పెంచిన తోట ఒక్క రాత్రిలో నేలపాలైన రైతుకు పిట్ట సంగతి చెప్పబోవడం న్యాయం కాదు. అయితే ఆ తోటలను తిరిగి వేస్తున్నప్పుడు గట్టుమీద ఒక వేప, ఒక నేరేడు, ఒక గానుగ కూడా ఉండనీయడం ఆ రైతుకూ మేలే. గాలి ఉధృతిని చెట్లవరుస కొంత విరుస్తుంది. మేము చూసినంతలో, వరుసలు తీర్చిన సరుగుడు తోటలలోను నీలగిరి తోటలలోను ఈ ఈల అరుదుగా వినబడుతుంది. ఒకే రకం చెట్లు, ఒకే ఈడు చెట్లు ఉన్నచోట పచ్చజిట్టకు కావలసిన నానావిధాలైన పురుగులు ఎక్కడివి?

కొండలలోని ఆకుపిట్టల సంగతి ఇంకా సున్నితం. సీతంపేట, కురుపాం, సాలూరు వంటి కొండప్రాంతాలు 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. అక్కడి పెద్దచెట్లు, వాటిమీది బదనికలు, పూలు, పండ్లు ఆకుపిట్టకు ఆధారం. పచ్చజిట్ట మన పెరటికి సర్దుకున్నంతగా ఆ పిట్టలలో కొండవాటు జాతి సర్దుకోలేదు. కొండమీద పెద్దచెట్టు ఒకటి పోతే, దాని స్థానంలో మరొకటి నిలవడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుంది.

ఆ కొండలమాట వచ్చినప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి రాక మానరు. 1863లో శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవర భాష మాట్లాడేవారిని ఇంట ఉంచుకుని, ఆ భాషను చెవితో విని నేర్చుకున్నారాయన. లిపి లేని ఆ భాషకు వ్యాకరణం వ్రాశారు. అది 1931లో ప్రచురితమైనది. ఎవరూ లెక్కలోనికి తీసుకోని మాటలను కూర్చుని వినడమే ఆయన సాధించిన ఘనకార్యానికి మొదటిమెట్టు. భాష విషయంలో ఆయన చూపిన ఓర్పులో నూరవ పాలు చూపినా మన పెరటి పక్షుల పేర్లు మనకు దక్కుతాయి. ప్రతి ఊళ్ళోను పశువులు కాసే పెద్దలు, కొండలలో సవర, జాతాపు వృద్ధులు తమకు తెలిసిన పేర్లతో పక్షులను పిలుస్తూనే ఉన్నారు. పిల్లల చేత ఒక పుస్తకంలో ఆ పేర్లు వ్రాయించండి. పేరులేని పక్షి గూడు కూలితే ఎవరికీ తెలియదు. పేరున్న పక్షి గూడు కూలితే, ఎవరి గూడు కూలిందో కనీసం చెప్పుకోగలము.

ఇక మేము కోరేది స్వల్పం. తోటలో కొమ్మలు కొట్టించేముందు, కంచె కత్తిరించేముందు, కరెంటు తీగెలకు తగులుతున్నదని పెరటి వేపను నరికించేముందు, ప్రొద్దున్నే ఒక పావుగంట ఆ చెట్టు క్రింద నిలబడండి. సన్నని దీర్ఘమైన ఈల, చివర దిగే స్వరం వినబడితే ఆ చెట్టును ఇంకొంచెం పరకాయించి చూడండి. ముక్కున గడ్డిపోచ గాని, పురుగు గాని పట్టుకుని ఒకే చోటికి పదేపదే పోయే పిట్ట కనిపిస్తే, ఆ ఒక్క కొమ్మను నెల పదిరోజులపాటు ఉండనీయండి. గూటి దగ్గరకు పోవద్దు, ముట్టవద్దు, పిల్లలకు దూరంనుండే చూపండి. మనుషులు మూగిన గూటి జాడ కాకికి ఇట్టే తెలిసిపోతుంది. తేలుకుంచివారు, తేలినీలాపురంవారు ఊరంతా కలిసి కొన్ని నెలలు ఓర్చుకుంటున్నారు. మనము ఒక్క కొమ్మ విషయంలో కొన్ని వారాలు ఓర్చుకోలేమా?

మా తోటలో బావి ప్రక్క చెట్టుకు, వెనుక కొట్టించిన చోటికి దిగువన, మరొక కొమ్మ పెరిగి మళ్ళీ దారికి అడ్డంగా వంగినది. దానిమీద ఏ గూడూ లేదు; ఉంటుందన్న నమ్మకమూ లేదు. అయినా వానకాలం వెళ్ళేవరకు దానిని కొట్టించవద్దనుకున్నాము. నీళ్ళకు వెళ్ళినప్పుడల్లా దానిక్రింద కాస్త తలవంచి నడుస్తున్నాము.